చిగుళ్లల్ల పట్టుపోగు

పండ్లకు తీగ కట్టించుకున్నంక నాకు మొట్టమొదలు అర్థమైంది ఏందంటే, మనిషి నోటిని మించిన రోత జాగ ఈ లోకంల ఇంకోటి లేదు. నా నోటితోనే మొదలుపెడుత. జొన్నరొట్టె తింటే నూక పోయి తీగ కింద కూసుంటది. తోటకూర తింటే ఆకు ముక్క ముందరి పంటికి ఏలాడుతది. కోడికూర సంగతి చెప్పనే వద్దు, నారలు నారలు ఇరుక్కొని మాపటికల్ల కుళ్లిన వాసన. నేను బడిల సాంఘికశాస్త్రం చెప్త. ముందు బెంచీల పిల్లలు బోర్డు చూడరు, ఇయ్యాల టీచరు నోట్లె ఏం ఇరికిందా అని చూస్తరు. థూ, ఇదేం బతుకు అనుకుంట. అయినా తీగ మాత్రం ఇప్పించుకోలే. నా జీతం, నా నోరు.

నాకు ముప్పై ఎనిమిదేండ్లు. వనపర్తిల కిరాయింట్ల ఒక్కదాన్నే ఉంట. మా అమ్మోళ్లది గద్వాల, మగ్గం నేసే ఇల్లు. అక్కను నాగర్‌కర్నూలుకు ఇచ్చిండ్రు. అక్కకు ఒక్కతే బిడ్డ, అప్పటికి ఎనిమిదేండ్లది. ఆ పిల్ల ముందరి రెండు పండ్లు ఊడిపోయేదాంక వచ్చిన కథ ఇది. పురుగు తిని కాదు, కిందపడి కాదు. మా ఇంటోళ్ల తెలివికి.

నావి ఎత్తుపండ్లు. చిన్నప్పుడే చూపిస్తే సులువుగ దిగేటియంట. పండ్లు వంకరుంటే చూపియ్యాలె అనేది మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు, పన్ను నొస్తెనే దవాఖాన, అది గూడ పీకిచ్చుకొని రానీకె. నేను పెదవి మూసుకొని నవ్వుడు నేర్చుకున్న. ఎన్నో ఏండ్లు అట్లనే గడిపిన. ఒకపారి చిగుళ్లకెళ్లి రక్తం కారుడు మొదలైతే వనపర్తిల పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిన. పండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్నయి, బ్రష్షు పోని సందులల్ల పాచి గడ్డకట్టింది అని చెప్పింది. ఆ గడ్డ గీకి ట్రేల ఏస్తే చూసిన. ఇన్నేండ్లు ఇదేనా నేను నోట్లె పెట్టుకొని తిరిగింది అని వాంతికొచ్చినంత పనైంది.

పెద్దోళ్లకు గూడ పండ్లు జరుగుతయంట, కాకపోతే పిల్లల లెక్క జల్ది గాదు, నిమ్మళంగ. డాక్టరమ్మ అన్నీ ముందల పరిచింది. ఉక్కు తీగ ఉంది. పంటి రంగుల కలిసిపోయేది ఉంది. అసలు తీగనే లేకుండ, పైకి కనపడని పారదర్శకం తొడుగులు ఉన్నయి, తినేటప్పుడు తీసి పక్కకు పెట్టుకోవచ్చు. ఆ తొడుగు సంగతి నాకు ఎర్కే. మా బడిల ఒక సారు పెట్టుకుంటడు. పగటి బువ్వ తినేటప్పుడు నోట్లెకెళ్లి తీసి, టిఫిను డబ్బ మూత మీద, మామిడికాయ తొక్కు పక్కన పెడ్తడు. దానికి ఉమ్మి తీగలు సాగుతుంటది. అది చూసినప్పటిసంది నేను స్టాఫ్ రూంల తినుడే బంద్ పెట్టిన. "నాకొద్దు మేడం, కదలకుండ అతికే ఉక్కుదే ఎయ్యుండ్రి" అన్న.

తీగ ఏసుకున్న కొన్ని దినాలకే మల్దకల్ గుడికాడ చుట్టాల పెండ్లి వచ్చింది. ఇగ చూడు నా అవస్థ. పెండ్లిపిల్లను చూసినోళ్లకన్న నా నోరు చూసినోళ్లు ఎక్కువ. ఒకామె అయితే అక్షింతల చెయ్యితోనే నా పెదవి ఎత్తి, పక్కన్నామెకు చూపిచ్చింది, సంతల బర్రె పండ్లు చూసినట్టు. మా దూరపు మామ ఒకాయన ఉన్నడు. గుట్కా నమిలి నమిలి ఆయన పండ్లు నల్లగ మొద్దులయినయి. ఆయనొచ్చి, "ఈ వయసుల నోటికి కంచె ఏందే? ఎవలకు చూపిస్తవు?" అని పకపక నవ్విండు. ఆ నవ్వుతోని ఎర్రటి తుంపర్లు వచ్చి నా చీర మీద పడ్డయి. గద్వాల చీర, మా అమ్మ నేసింది. "నీ పండ్లు నువ్వు కడుక్కో మామా, నావి నేను దిద్దుకుంట" అని లేసి పోయి చీర కడుక్కున్న. ఛీ ఛీ, ఇప్పుడు తల్సుకున్నా ఒళ్లు జలదరిస్తది.

ఆ పెండ్లిల నా తీగను ముద్దుగ చూసింది ఒక్క నా అక్క బిడ్డనే. ఒళ్లె కూసోని, నా గదువ పట్టుకొని అటు ఇటు తిప్పి చూసింది. "చిన్నమ్మా, మెరుస్తున్నయి. నాక్కూడ ఏపియ్యవా?" అని అడిగింది. ఆ పిల్లకు పాలపండ్లు ఊడి కొత్తగ వచ్చిన ముందరి రెండు పండ్ల నడుమ సందు ఉండె. బడిల పిల్లలు కిటికీ, కిటికీ అని పిలుస్తరంట. నవ్వితే మాత్రం ఎంత మంచిగుండె, ఆ సందుల నుంచి గాలి సుయ్‌మని వస్తుండె.

మల్ల తీగ బిగిచ్చుకోనీకె పోయినప్పుడు డాక్టరమ్మను అడిగిన. ఆమె నవ్వింది. "ఆ వయసు పిల్లకు ఆ సందు ఉండాల్సిందే. పక్కన కోరపండ్లు దిగేటప్పుడు అవే దగ్గరికి నూకుతయి. అప్పటిదాంక చూసుకుంట ఊకుండాలె, అదే వైద్యం. ఏలు చీకే అలవాటు ఉంటెనో, దవడ వంకరుంటెనో చిన్నప్పుడే ప్లేటు ఇస్తం. లేకుంటే పాలపండ్లన్నీ ఊడినంక, పన్నెండు పదమూడేండ్లప్పుడు తీసుకరాండ్రి, అవసరముంటే తీగ అప్పుడు ఏద్దాం" అన్నది. నేను ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేసి చెప్పిన, అమ్మకు చెప్పిన. అక్క సరే అన్నది. అమ్మ అననే లేదు.

"ఊకుంటే సందు పూడుతదా?" అన్నది అమ్మ. "ఎప్పటిసందో మగ్గం మీద కూసున్న, తెగిన పోగు తనంతట తాను అతికింది ఎన్నడన్న చూసినవా నువ్వు? సందు పడితే ముడెయ్యాలె. జర ఏమరితే చీర పొడుగూత సందే వస్తది. మీ డాక్టరమ్మ మగ్గం చూసిందా ఎప్పుడన్న?"

"అమ్మా, అది పన్ను. పోగు కాదు."

"ఏదైతేంది" అన్నది. నేను ఫోన్ పెట్టేసిన. అమ్మతోని ఎవలు గెలుస్తరు?

మా అమ్మ నోటి గురించి చెప్పాలె. రోజంత ఆకు, వక్క, సున్నం. పెదవుల మూలలకు ఎర్రటి చార ఎండి ఉంటది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టదు, పోగును పండ్లతోనే కొరుకుతది. కొరికి కొరికి ముందరి పంటికి గాటు పడ్డది, పోగు సక్కగ అందుల కూసుంటది. పట్టుపోగు కొస పీచు లేస్తే నోట్లె పెట్టి తడిపి, నాలికతోని మెలేసి, మల్ల ముడేస్తది. చిన్నప్పటిసంది చూస్తున్న, ఇప్పటికీ నాకు రోత పోలే. అంత మంచి చీరలు, వాటి అతుకులన్నీ మా అమ్మ ఎంగిలే. కానీ ఒకటుంది, ఆమె ఏసిన ముడి ఊడదు. వాడకట్టుల ఎవల మగ్గం మీద పట్టు తెగినా ఆమెనే పిలుస్తరు.

ఎండకాలం సెలవులకు అక్క బిడ్డ గద్వాలకు పోయింది. సెలవులయినంక నాగర్‌కర్నూలుకు తిరిగొచ్చింది. వస్తూనే అక్క నాకు ఫోన్ చేసి సంబురంగ చెప్పింది, "నీ డాక్టరమ్మ చెప్పింది నిజమే, సందు పూడిందే." ఇంత జల్దినా అనుకున్న గాని, మంచిదే గదా అని ఊకున్న.

వానలు పడ్డంక అక్క ఫోన్ మాట మారింది. పిల్ల నోరు వాసనొస్తుంది, ఎంత తోమినా పోతలేదు అన్నది. వారం ఆగి, లవంగం నమిలిపిస్తున్న అన్నది. ఇంకో వారానికి ఏడుపు. "చచ్చిన ఎలుక లెక్క కంపే. పక్కల పండబెట్టుకోలేకపోతున్న. వాళ్ల టీచరు ఎనక బెంచీల ఒక్కదాన్నే కూసోపెట్టింది." అది ఇన్నంక నాకు నెత్తి తిరిగింది. నేను గూడ టీచర్నే, ముప్పై మంది పిల్లల చెమట వాసన నడుమ పొద్దంత నిలబడుత. ఒక చిన్న పిల్ల నోరు వాసనొస్తే దాన్ని ఎనక్కి తరిమిన మనిషి మొకం చూడాల్నంటెనే నాకు యాష్టకొచ్చింది.

ఐతారం పొద్దుగాల బస్సెక్కి పోయిన. ఇంట్ల కాలు పెట్టంగనే నాకు కనపడ్డది, కిటికీల ఒక స్టీలు గిలాస ఏరే పెట్టిండ్రు. పిల్లదంట. మా బావ పేపరు చదువుతుండు, పిల్ల దగ్గరికి పోతే పేపరు మొకానికి అడ్డం పెట్టుకున్నడు. కన్నతండ్రి! అక్క కొంగు ముక్కుకు పెట్టుకొనే దానికి జడేస్తుంది. పిల్ల కడప మీద కూసోని, ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని నన్ను చూసింది. ఉరికొచ్చి మీద పడే పిల్ల, లేవలే. ఏమడిగినా తలకాయ ఊపుతుంది గాని మాట్లాడుతలేదు.

"ఎవలన్న నోరు తెరిపిచ్చి చూసిండ్రా?" అని అడిగిన.

"ఏం చూస్తమే, ఆ కంపుకు దగ్గర పోతే గదా" అన్నది అక్క.

నేను పిల్ల ముందల నేల మీద కూసున్న. "చెయ్యి తియ్యి బిడ్డా, నోరు తెరువు" అన్న. అడ్డంగ తలూపింది. "అయితే ముందు నాది చూడు" అని నా నోరు ఇంత తెరిచిన. పొద్దుగాల తిన్న ఉప్మా తీగల నిండ ఉండె. "చూసినవా ఎంత గలీజుగుందో? నీది నాదానికన్న గలీజుంటదా? తెరువు."

తెరిచింది. ఆ కంపు వచ్చి నా మొకం మీద కొట్టింది. నోటి కంపు కాదది, పుండు కంపు. నా నోట్లె నేను పొద్దుమాపు ఏళ్లు పెట్టి గీకుతున్నదాన్ని కాబట్టి ఓర్చుకున్న, లేకుంటే నేను గూడ మొకం తిప్పుకునేదాన్నే. చిగురు ఉబ్బి నేరేడుపండు రంగు తిరిగింది. ముందరి రెండు పండ్లు ఒకదానికొకటి అతుక్కొని, పక్క పండ్లకన్న కిందికి జారి ఉన్నయి. ఏలుతోని జర ముట్టుకుంటే కదిలినయి. రెండూ. ఇవి పాలపండ్లు కావు, ఇవి పోతే మల్ల రావు.

చిగురు అంచున పచ్చగ ఏదో సన్నగ కనపడ్డది. ఆకుకూర ముక్క అనుకొని గోటితోని గీకిన. రాలే, పిల్ల కెవ్వుమన్నది. మల్ల దగ్గరికి పోయి చూసిన. చిలకపచ్చ. పుట్టిన కాన్నుంచి చూస్తున్న రంగు, పట్టుకూ ఆకుకూరకూ తేడ తెల్వదా నాకు?

"ఎవలు కట్టిండ్రు బిడ్డా ఇది?"

చెయ్యి అడ్డం పెట్టుకొనే చెప్పింది. "అవ్వ. తీగ బదులంట. నీ చిన్నమ్మదానికన్న మంచిది అన్నది. మీ అమ్మకు చెప్పకు, సందు పూడినంక చూపిద్దాం అన్నది. మల్ల ఒకరోజు లేసేవరకు దారం లేకుండె. నేను మింగిన అనుకున్న."

మింగలే. పన్ను పైకి పోయిన కొద్దీ సన్నగుంటది గదా, పోగు దాని మీదనే జారి జారి చిగురు లోపటికి పోయింది. అక్కడ కూసోని పొద్దుకింత కోసుకుంట పోయింది. బయటికి సందు మూసుకుంటే ఈళ్లంత సంబురపడ్డరు.

తెల్లారి బడికి సెలవు పెట్టి, పిల్లనూ అక్కనూ తీసుకొని వనపర్తికి వచ్చిన. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీసి చూసింది. సూదిచ్చి, చిగురు ఒత్తిగిలిచ్చి, సన్నటి చిమటతోని పట్టి గుంజింది. చీము తోని, రక్తం తోని బయటికొచ్చింది. అక్క బయటికి ఉరికి వాంతి చేసుకున్నది. నేను పిల్ల తలకాయ పట్టుకొని నిలబడ్డ. నాకు రోత పుట్టింది ఆ కంపు మీద కాదు. ఇంత చదువున్న ఇల్లు, ఇంతమంది పెద్దోళ్లు, ఒక్కరన్న నోరు తెరిచి చూడకపోయిండ్రే అని, దాని మీద.

"పండ్ల సుట్టు ఎముకను చీము తినేసింది. ఇంకొన్ని దినాలయితే చేతిలకు వచ్చేటియి" అన్నది డాక్టరమ్మ. కదులుతున్న రెండు పండ్లను పక్క పండ్లకు సన్నటి తీగతోని కలిపి అతికిచ్చింది. నిలిస్తే నిలుస్తయి, చెప్పలేను అన్నది. పోతే? పోతే దవడ పెరిగేదాంక గట్టి పన్ను పెట్టరాదు, తీసి పెట్టుకునే పండ్లతోనే పెద్దగ కావాలె. ఆమె ఆ పోగును గాజుగుడ్డల పెట్టి పారెయ్యబోతే నేను అడిగి తీసుకున్న.

వాళ్లను నాగర్‌కర్నూలు బస్సెక్కిచ్చి, నేను గద్వాల దారి పట్టిన. బీచుపల్లి బ్రిడ్జి మీద కిటికీలకెళ్లి కృష్ణ కనిపిస్తే, పీడపోతది, ఈ రోతను నీళ్లల్ల ఇసిరేద్దామా అనుకున్న. ఇసిరెయ్యలే. కట్టినామె చూడాలె గదా.

నేను పోయేవరకు అమ్మ మగ్గం గుంతల కూసోని పోగు కొరుకుతుంది. నేను గాజుగుడ్డ ఇప్పి, నేస్తున్న చీర మీదనే పెట్టిన. "ఇదిగో నీ వైద్యం" అన్న. జరిగిందంత చెప్పిన, అరుచుకుంట చెప్పిన. వాడకట్టంత ఇన్నరనుకుంట, ఇననీ.

అమ్మ అద్దాలు సవరిచ్చుకొని ఆ పోగును చేతిలకు తీసుకున్నది. అంత కంపుకు గూడ మొకం తిప్పలే. గోటితోని ముడిని అటు ఇటు తిప్పి చూసింది.

"ముడి జారలే" అన్నది.

నాకు ఒళ్లు మండింది. "థూ! నీ ముడి పాడుగాను! దాని పండ్లు రాలుతున్నయంటే నీకు ముడి కనపడుతుందా? నోట్లె తడిపే కట్టి ఉంటవు గదా? నీ ఆకువక్క ఉమ్మితోనే గదా?"

తలకాయ ఊపింది. తడపకుంటే పట్టు బిగువదు గదా అన్నది, సన్నగ. ఎర్రటి నీళ్లు పెదవి మూలకెళ్లి గదువ మీదికి కారుతుంటే తుడుసుకోలే.

"దారం ఊడిపోయింది అవ్వా అని పిల్ల వచ్చి చెప్పింది" అన్నది ఆఖరికి. "పరుపు దులిపిన, దొరకలే. నా ముడి ఊడుడేంది అని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఊడదే అది. నాకు తెలుసు ఊడదని. సందు పూడింది గదా అని ఊకున్న బిడ్డా. నోరు తెరిపిచ్చి చూడకపోతి."

నా కోపం పోలే. ఇప్పటికీ పోలే. కానీ ఆ మగ్గం మీది చీర సగంల ఇడిసిపెట్టి, తెల్లారి మొదటి బస్సుకే అమ్మ నాగర్‌కర్నూలు పోయింది. కిటికీల గిలాసను తీసి అందరి గిలాసలల్ల కలిపేసింది. పొద్దుమాపు గోరెచ్చటి ఉప్పునీళ్లతోని పిల్ల నోరు పుక్కిలిపిచ్చి, గాజుగుడ్డ ఏలుకు చుట్టి చిగురు తుడిచింది. చీమొస్తే తన కొంగుకే తుడుసుకున్నది. పిల్ల తినంగ మిగిలిన మెత్తన్నం ఆమెనే తిన్నది. దాన్ని పక్కలనే పండబెట్టుకున్నది. ఆకువక్క మాత్రం ఇడువలే, నాకు అమ్మను చూస్తే రోత గూడ పోలే. అయినా ఆ ఇంట్ల ముక్కు మూసుకోనిది ఆమె ఒక్కతే.

చలికాలం దాటినంక డాక్టరమ్మ ఆ అతికిచ్చిన తీగ తీసేసింది. ఏలుతోని ఒక్కొక్క పన్ను ఊపి చూసింది. కదల్లే. ఎముక మల్ల పూడుతుంది, చిన్న పిల్ల కాబట్టి బతికిపోయింది అన్నది. రెండు పండ్ల నడుమ సందు గూడ ఎనక్కి వచ్చింది, ఎప్పటిలెక్క. అమ్మ ఆ సందును చూసి రెండు చేతులు జోడిచ్చి మొక్కింది. కోరపండ్లు దిగేదాంక ఊకుండాలె, ఎవ్వరు ఏం కట్టొద్దు అని డాక్టరమ్మ అంటే, నాకే చెప్తున్నవులే అన్నది అమ్మ.

నలుగురం వనపర్తి బస్టాండుల కూసున్నం. నేను మిరపకాయ బజ్జీ తిన్న. పిల్లను నవ్విద్దామని, తీగల నిండ శెనగపిండి అట్లనే పెట్టుకొని, నోరంత తెరిచి చూపిచ్చిన. అది పడి పడి నవ్వింది. సందుల నుంచి సుయ్‌మని గాలి వచ్చింది, ఎన్నో నెలల తర్వాత ఇన్న ఆ చప్పుడు. ఇన్నంతసేపు గూడ లేదు, ఎడమ చెయ్యి లేసి నోటికి అడ్డం పోయింది.

"వాసన లేదు బిడ్డా, చెయ్యి తియ్యి" అన్న. అక్క అన్నది, అమ్మ అన్నది. పిల్ల తలకాయ ఊపింది. దానికి ఇప్పుడు పదేండ్లు. పండ్లు గట్టిగనే ఉన్నయి. ఎవలన్న దగ్గరికి పోతే చాలు, ఇప్పటికీ ఆ చెయ్యి నోటి మీదికే పోతది.